యాంజియోగ్రామ్ తరువాత గజ్జలోని రంధ్రం ఎలా మూసుకుంటుంది?

గుండెకు యాంజియోగ్రామ్ చేయించుకొని, లేక స్టెంటు వేయించుకొని పట్నం నుండి తిరిగి వచ్చినవారు బి.పి. చూపించుకోవడానికో, మందుల చీటీ చదివించుకోవడానికో మన ఓ.పి.కి వస్తూ ఉంటారు. వారిలో చాలామంది అడిగే మాట ఒకటే. "సిస్టరమ్మా, గుండెకు అంత పెద్ద పని చేశామన్నారు, ఒక్క కుట్టు కూడా లేదేమిటి?" కొందరు గజ్జ దగ్గర కమిలిన చోటు చూపించి భయపడతారు. మరికొందరు సిగ్గుపడి అసలు చూపించరు. ఈ చూపించని వారి గురించే నాకు దిగులు. అందుకే ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాను.

ముందుగా రంధ్రం ఎందుకు పడుతుందో చూద్దాం. గుండె రక్తనాళాలను చేరడానికి డాక్టరు గారు తొడ మొదట్లో, అంటే గజ్జలో ఉన్న పెద్ద ధమనిలోకి గాని, మణికట్టు దగ్గరి చిన్న ధమనిలోకి గాని సూది గుచ్చుతారు. సూదిలోంచి సన్నని తీగ పంపి, సూది తీసివేసి, ఆ తీగ మీదుగా గొట్టం ఎక్కిస్తారు. 1953లో స్వీడన్ దేశపు డాక్టరు సెల్డింగర్ ఈ పద్ధతిని ప్రచురించారు. ఈనాటికీ అదే పద్ధతి. ధమనిలో నిలిచి ఉండే ఆ పొట్టి గొట్టాన్ని షీత్ అంటారు. మామూలుగా వాడే షీత్ రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చిన్నదే కదా అనిపిస్తుంది. కాని చేతి మీద సెలైన్ ఎక్కించే సిరలో రక్తం మెల్లగా పారుతుంది, ధమనిలో గుండె కొట్టిన ప్రతిసారీ ఒత్తిడితో దూసుకువస్తుంది. పైగా రోగికి అప్పటికే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు ఇచ్చి ఉంటారు. కాబట్టి షీత్ తీసిన తరువాత ఆ రంధ్రాన్ని ఎవరైనా, ఏదైనా మూసి పట్టుకోవాలి.

పాత పద్ధతి మా నర్సుల, డాక్టర్ల చేతులే. షీత్ లాగి, చర్మం మీది గాయానికి రెండు వేళ్ల పైన గట్టిగా నొక్కి పదిహేను, ఇరవై నిమిషాలు అలాగే పట్టుకోవాలి. పైన ఎందుకంటారా? సూది ఏటవాలుగా వెళుతుంది. అందువల్ల చర్మం మీద రంధ్రం ఒకచోట, లోపల ధమనిలో రంధ్రం దానికి కొంచెం పైన ఉంటాయి. కొత్తగా వచ్చిన నర్సింగ్ పిల్లలు చర్మం మీది రంధ్రాన్నే నొక్కుతారు. పైకి రక్తం ఆగినట్లే కనబడుతుంది, లోపల మాత్రం కారుతూనే ఉంటుంది. స్టెంటు వేసినవారికైతే హెపారిన్ ప్రభావం తగ్గేవరకు కొన్ని గంటలు ఆగి షీత్ తీస్తారు. తీసిన తరువాత నాలుగు నుండి ఆరు గంటలు కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలి. నడుము నొప్పి ఉన్నవారికి, ప్రొస్టేటు ఇబ్బంది ఉన్న పెద్దవారికి ఆ గంటలు ఎంత కష్టమో దగ్గరుండి చూసిన నాకు తెలుసు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. డిప్లొమా ముగించి, ఒక పట్నపు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో, షీత్ తీసిన ఒక పెద్దాయన గజ్జ మీద ఇసుక సంచి పెట్టి, మీద దుప్పటి కప్పి, పక్క మంచానికి వెళ్లాను. వచ్చి దుప్పటి మీద చూసి బాగానే ఉందనుకున్నాను. కాసేపటికి ఆయన "అమ్మా, వీపు కింద తడిగా ఉంది" అన్నాడు. దుప్పటి తీసి చూస్తే రక్తం తొడ పక్కగా జారి పరుపులోకి ఇంకి ఉంది. నొక్కి పట్టుకొని కేక వేశాను, డాక్టరు గారు పరుగున వచ్చారు, ఆయన బాగయ్యాడు. ఇసుక సంచి వల్ల రక్తస్రావం తగ్గదని తరువాత జరిగిన పరిశోధనలు కూడా తేల్చాయి. అది గాయాన్ని మూయదు, మన కళ్లకు కనబడకుండా దాస్తుంది. మా వార్డు పిల్లలకు ఇప్పటికీ చెబుతాను, దుప్పటి ఎత్తి చూడండి, రోగి నడుము కింద చేయి పెట్టి చూడండి అని. తోడుగా ఉన్న బంధువులు కూడా ఇది చేయవచ్చు.

ఈ కష్టాలు తగ్గించడానికే ధమని రంధ్రాన్ని మూసే సాధనాలు వచ్చాయి. 1990ల నడిమి నుండి ఇవి వాడుకలో ఉన్నాయి. అన్నీ ఒకటి కావు. మన దగ్గరకు వచ్చే చీటీల మీద కనబడే పేర్లు కొన్ని చెబుతాను.

యాంజియోసీల్ అనేది ఒక బిరడా వంటిది. ధమని లోపలి వైపు చిన్న పలక వంటి ముక్క ఆనుకుంటుంది, బయటి వైపు కొల్లాజెన్ స్పాంజి కూర్చుంటుంది, మధ్యలో రంధ్రం. ఒక దారం ఆ రెండింటినీ దగ్గరకు లాగి పట్టుకుంటుంది. చొక్కా గుండీని ఊహించుకోండి. పలక, స్పాంజి, దారం మూడూ సుమారు 90 రోజుల్లో శరీరంలో కరిగిపోతాయి. ఈ కొల్లాజెన్ పశువు నుండి తీసినది. గొడ్డు మాంసం గాని, కొల్లాజెన్ గాని పడని ఎలర్జీ ఉన్నవారు ముందే చెప్పాలి. విశ్వాసం రీత్యా అభ్యంతరం ఉన్నవారు కూడా మొహమాటపడకుండా ముందే అడగవచ్చు, వేరే సాధనాలు ఉన్నాయి.

పర్‌క్లోజ్ అనేది చర్మం మీది సన్నని రంధ్రంలోంచే ధమనికి కుట్టు వేస్తుంది. "కుట్టు లేదేమిటి" అని అడిగేవారిలో కొందరికి నిజానికి లోపల కుట్టు ఉంటుంది! ఆ దారం కరగదు, అలాగే ఉండిపోతుంది. దానివల్ల హాని లేదు. మిన్క్స్ అనేది ధమని బయట జిగురులాగా పరచుకొని సుమారు నెల రోజుల్లో కరిగిపోతుంది. ఆపరేషన్ లేకుండా గుండె కవాటం మార్చే టావి వంటి చికిత్సలో రంధ్రం అయిదు మిల్లీమీటర్లకు మించి ఉంటుంది. అక్కడ చేతితో నొక్కితే సరిపోదు. షీత్ పెద్దది చేయకముందే రెండు పర్‌క్లోజ్ కుట్లు వేసి ఉంచుకొని, చివరలో బిగించడం ఎక్కువగా వాడే పద్ధతి.

అయితే "ఖరీదైనది పెట్టారు కాబట్టి ఇంక భయం లేదు" అని అనుకోకండి. జర్మనీలో 4,500 మందికి పైగా యాంజియోగ్రామ్ రోగులపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. రక్తం ఆగడానికి చేతితో నొక్కితే సుమారు 10 నిమిషాలు పడితే, సాధనంతో సుమారు 1 నిమిషం పట్టింది. ధమనికి కలిగే ఇబ్బందుల విషయంలో సాధనాలు చేతి ఒత్తిడికి తీసిపోలేదు. అంటే ముఖ్యమైన లాభం సౌకర్యం, త్వరగా లేచి నడవడం. సాధనం ఒక్కోసారి సరిగా పట్టదు, అప్పుడు మళ్లీ మా చేతులే దిక్కు. అరుదుగా ధమని మూసుకుపోయి కాలు చల్లబడవచ్చు, లేక లోపలి వస్తువుకు చీము పట్టవచ్చు. ధమని సున్నం పట్టి గట్టిపడినా, మరీ సన్నగా ఉన్నా, సూది చీలిక దగ్గర పడినా సాధనం పెట్టకపోవచ్చు. అందుకే డాక్టరు గారు ముందు ఆ ధమనికి కూడా బొమ్మ తీసి చూస్తారు. మీకు సాధనం పెట్టలేదంటే మిమ్మల్ని తక్కువ చూశారని కాదు. ఖర్చు విషయం మాత్రం ముందే అడగండి. ప్యాకేజీలో ఉందో లేదో డిశ్చార్జి రోజున తెలిస్తే ఇబ్బంది.

ఈ రోజుల్లో చాలామందికి మణికట్టు నుండే చేస్తున్నారు. 1989లో కెనడా డాక్టరు కాంపో మణికట్టు నుండి యాంజియోగ్రామ్‌ల ఫలితాలు ప్రచురించారు, తరువాత నెదర్లాండ్స్‌లో స్టెంట్లు కూడా ఆ దారిన వేశారు. ఆ ధమని చర్మం కిందే, ఎముక మీదే ఉంటుంది కనుక నొక్కడం తేలిక, పెద్ద రక్తస్రావాలు తక్కువ. అక్కడ లోపల ఏ సాధనమూ పెట్టరు. గాలి నింపే పారదర్శకమైన పట్టీ కడతారు. నర్సు సిరంజితో కొంచెం కొంచెంగా గాలి తీస్తుంది. చేయి తిమ్మిరిగా ఉందని బంధువులు తామే గాలి తీయవద్దు, మమ్మల్ని పిలవండి. కిడ్నీ జబ్బు ఉండి ముందు ముందు డయాలసిస్ అవసరం కావచ్చన్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, చేతి రక్తనాళాలు వారికి చాలా విలువైనవి.

ఇక ఇంటికి వచ్చాక. గజ్జ చుట్టూ కమిలి నీలంగా మారడం, అది రోజులు గడిచేకొద్దీ తొడ మీదుగా కిందికి దిగడం, ఆకుపచ్చగా, పసుపుగా మారడం మామూలే. అది పాత రక్తం. బఠాణీ గింజంత గట్టితనం తగిలినా భయపడనక్కరలేదు. ఆ నలుపు చూసి మాత్రలు మానవద్దు. ఈ మాట రెండుసార్లు చదవండి. మా దగ్గరకు ఒక అన్నయ్యను కుటుంబం తీసుకొచ్చింది, స్టెంటు వేసి పది రోజులు కాలేదు. తొడ నల్లబడిందని, "రక్తం పలచబడే మాత్రలే కారణం" అని ఇంట్లో పెద్దవాళ్లు నాలుగు రోజులుగా ఆపించారు. అప్పటికప్పుడు గుండె డాక్టరు గారితో ఫోనులో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టించాం. ఆయన అదృష్టం, ఏమీ కాలేదు. మాత్రలు ఆపితే కొత్త స్టెంటులో రక్తం గడ్డకట్టి గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది. ఆపాలా వద్దా అన్నది స్టెంటు వేసిన డాక్టరు గారే చెప్పాలి.

ఒక వారం పాటు బిందెలు, బియ్యం మూటలు ఎత్తవద్దు, స్కూటరు కిక్ కొట్టవద్దు. గొంతుకు కూర్చునే మరుగుదొడ్డి బదులు కుర్చీ వాడండి. గుడిలో మోకరించడం, నేల మీద బాసిపట్టు వేసుకొని కూర్చోవడం కూడా ఆ వారం మానండి, కుర్చీలో కూర్చొని ప్రార్థించండి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు గజ్జ మీద అరచేయి ఆనించండి. మరునాటి నుండి స్నానం చేయవచ్చు గాని, గాయం మానేవరకు చెరువులో, కాలువలో దిగవద్దు. పసుపు, కాఫీపొడి పెట్టవద్దు. లోపల సాధనం ఉన్నవారికి, ముఖ్యంగా షుగర్ ఉన్నవారికి, అక్కడ చీము పడితే అది చిన్న విషయం కాదు. జ్వరం, ఎరుపు, వేడి, చీము ఏది కనబడినా వెంటనే రండి.

ఉన్నట్టుండి రక్తం కారితే రోగిని చదునుగా పడుకోబెట్టి, శుభ్రమైన గుడ్డతో గాయానికి కొంచెం పైన ఇంకొకరు బలంగా నొక్కాలి. ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడవద్దు. మరొకరు 108కి ఫోను చేయాలి. రోగిని నడిపించి తీసుకురావద్దు. గజ్జలో కొట్టుకునే గడ్డ కనబడినా, కాలు చల్లబడి పాలిపోయినా, పైకి ఏ రక్తమూ లేకుండా నడుము లేక పొత్తికడుపు నొప్పితో చెమటలు పట్టి కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయకండి. ఈ చివరిదానిలో రక్తం కడుపు వెనుకకు చేరుతుంది, పైకి ఏమీ కనబడదు. గ్యాసు అని సోడా తాగించి పడుకోబెట్టిన కుటుంబాలను నేను చూశాను.

సాధనం పెట్టినవారికి సాధారణంగా చిన్న కార్డు ఇస్తారు. డిశ్చార్జి కాగితాల కవరులో కాదు, పర్సులో పెట్టుకోండి. యాంజియోసీల్ ఉన్నవారికి 90 రోజుల్లోపు అదే చోట మళ్లీ సూది వేయవలసి వస్తే డాక్టరు గారికి ఆ సంగతి తెలియాలి. కార్డు పోగొట్టుకున్నవారు డిశ్చార్జి చీటీ తీసుకొని మా దగ్గరకు రండి, దాని మీద పేరు ఉందేమో చూసి, లేకపోతే ఆ ఆసుపత్రికి ఫోను చేసి అడుగుతాం. సిగ్గుపడే అక్కలు, అమ్మలు నర్సుకు చూపిస్తామని చెప్పండి. ఓ.పి. పక్కన కర్టెను గది ఉంది, చూడడానికి రెండు నిమిషాలు పడుతుంది.