ఇయర్ క్యాండ్లింగ్

గుల్లగా ఉండే కొవ్వొత్తిని చెవిలో నిలబెట్టి, పైకొసన వెలిగించి గులిమి తీసే ప్రయత్నమే ఇయర్ క్యాండ్లింగ్. ఇంట్లోనే చేసుకోవచ్చన్న ప్రచారంతో ఈ మాట తరచూ వార్తల్లోకి వస్తోంది.

తేనెమైనం పట్టించిన గుడ్డను గొట్టంలా చుడతారు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, సన్నటి కొసను చెవిలో ఉంచి మండిస్తారు. ఆ వేడి గులిమిని పైకి లాగుతుందన్నది అమ్మేవారి మాట. ఆర్పాక గొట్టం విప్పితే గోధుమరంగు ముద్ద కనిపిస్తుంది. జనం నమ్మేది దాన్ని చూసే. చెవికి దూరంగా మండించినా అదే ముద్ద మిగులుతుంది. అది కొవ్వొత్తి మైనమే.

1996లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో గొట్టం గులిమిని లాగలేదు. పైగా కొందరి చెవుల్లో మైనం పడింది. కాలిన గాయాలు, కర్ణభేరికి చిల్లు పడే ముప్పు ఉన్నాయని ఆ దేశ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

గులిమి మామూలుగా తనంతట తానే బయటికొస్తుంది. గట్టిపడి చెవి దిబ్బడేస్తే, ఈఎన్‌టీ వైద్యులు చుక్కల మందుతో మెత్తబరిచి తీస్తారు.