మాట వినిపించును, బొమ్మ కనిపించదు

ఇంటిలోని టెలివిజన్ తెర ఒకనాడు హఠాత్తుగా నల్లబడును. వార్తలు చదువువారి కంఠము మాత్రము స్పష్టముగా వినబడుచునే యుండును. తెర పోయినది, క్రొత్త సెట్టు కొనవలసినదే అని ఇంటివారు నిరాశపడుదురు. ఈ నిర్ణయము అనేక పర్యాయములు తొందరపాటే. తెరకంటె ఎంతో చౌకయైన భాగము చెడియుండవచ్చును. అది ఏదో ఊహించుటకు సెట్టును విప్పనక్కరలేదు. ఏది పనిచేయుచున్నదో, ఏది మానినదో వరుసగా విచారించిన చాలును.

ధ్వని వచ్చుచున్నదనగా సెట్టునకు విద్యుత్తు అందుచున్నదనియు, సంకేతము చేరుచున్నదనియు, దానిని విడదీయు ముఖ్యవలయము చాలవరకు బాగున్నదనియు తేలినట్లే. ఇక మిగిలినవి రెండు: బొమ్మను ఏర్పరచు ద్రవస్ఫటిక ఫలకము, దాని వెనుకనుండు ఎల్‌.ఇ.డి. దీపములు. ద్రవస్ఫటికములకు స్వయంప్రకాశము లేదు. అవి కిటికీ రెక్కల వంటివి; వెనుకనుండి వచ్చు వెలుతురును ఏ బిందువువద్ద ఎంత పోనీయవలెనో అంత పోనిచ్చును.

కావున పరీక్ష సులభము. గదిలోని దీపము నార్పి, సెట్టు నడుచుచుండగనే, టార్చిలైటును తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడవలెను. మసకమసకగా ఆకారములు కదలుచున్నచో బొమ్మ ఏర్పడుచునే యున్నది. లేనిది వెనుక వెలుగు మాత్రమే. ఏమియు కనిపింపనిచో ఫలకమునో, దానికి సంకేతముల నందించు వలయమునో అనుమానింపవలెను. బిందువులే స్వయముగా వెలుగు ఓ.ఎల్‌.ఇ.డి. తెరలకు ఈ పరీక్ష చెల్లదు.

వెనుక దీపములన్నియు ఒక్కసారిగా ఆరుట ఎట్లు? పెండ్లిపందిళ్ళకు కట్టు సీరియల్ సెట్లను చూచినవారికి ఇది వెంటనే బోధపడును. చాలా సెట్లలో ఈ దీపములు శ్రేణిలో, అనగా ఒకదాని తరువాత నొకటిగా, కలుపబడియుండును. ఒక్కటి తెగినను వరుస అంతయు ఆరిపోవును. దీపమునకు 3 వోల్టుల చొప్పున 30 దీపముల వరుసకు 90 వోల్టులు కావలెననుకొందము. మార్గము తెగినపుడు, వానికి విద్యుత్తు నిచ్చు వలయము ప్రవాహముకొరకు వోల్టేజిని ఇంకను పెంచును. హద్దు దాటగనే రక్షణ ఏర్పాటు దానిని ఆపివేయును. పలు వరుసలున్న సెట్లలో మంచి వరుసలు క్షణకాలము వెలిగి, పిమ్మట అవియు ఆరిపోవును. మీట నొక్కగనే బొమ్మ ఒక్కసారి మెరసి మాయమగుటకు ఇదియొక సామాన్య కారణము. ఈ దీపములకు వేడి శత్రువు. సెట్టులోని అమరికలలో వెనుక వెలుగును కొంత తగ్గించినచో వాని ఆయువు పెరుగును.

సెట్టు బొత్తిగా పలుకనిచో ముందుగా అనుమానింపవలసినది గోడనున్న సాకెట్టునే. దానికి వేరొక దీపమును తగిలించి చూడవలెను. ఎర్రదీపము వెలుగుచున్నను సెట్టు రిమోటునకు లొంగనిచో, సెట్టుమీది మీటను నొక్కవలెను. దానితో నడచినచో లోపము రిమోటుదే కావచ్చును. రిమోటునుండి వెలువడు పరారుణ కిరణములు కంటికి కనబడవు గాని, అనేక సెల్‌ఫోను కెమెరాలలో తెల్లని లేక ఊదారంగు చుక్కగా కనబడును. తరగతిలో చూపదగిన ముచ్చటయైన ప్రయోగమిది. కొన్ని కెమెరాలు ఈ కిరణములను వడగట్టును గనుక, మంచి రిమోటుతో ముందుగా సరిచూచుకొనవలెను.

జోరువానలో బొమ్మ గడులు గడులుగా విరిగి నిలిచిపోయినచో సెట్టును నిందింపరాదు. డిష్‌కు వచ్చు తరంగముల పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, వానచినుకులు వానిని పీల్చి, చెదరగొట్టును. వాన తగ్గగనే బొమ్మ తిరిగివచ్చును.

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నియు సెట్టు వెలుపల చేయదగినవే. వెనుక మూత తీయుట వేరు సంగతి. ఇంటి విద్యుత్తు 230 వోల్టులని చెప్పినను దాని శిఖరవిలువ సుమారు 325 వోల్టులు. ఆ స్థాయికి ఆవేశితమైన కెపాసిటర్ ప్లగ్గు తీసిన తరువాతను కొంతసేపు ప్రమాదకరముగా ఉండవచ్చును. గాజు పిక్చర్‌ట్యూబుగల పాతకాలపు రంగుల సెట్లు మరింత భయంకరమైనవి. వానిలో 20,000 వోల్టులకు మించిన పీడనముండును. ట్యూబే ఒక కెపాసిటరువలె ఆవేశమును దాచుకొనును. పైగా దానిలోపల శూన్యము. దెబ్బతగిలినచో లోనికి కుప్పకూలి గాజు పెంకులు నలుదెసల చిమ్మును. బడి సామానుగదిలో ఇట్టి పెట్టె యున్నచో, తెలిసిన మెకానిక్ చేత ఆవేశమును తొలగింపజేసిన తరువాతనే దానిని విద్యార్థులకు విప్పి చూపవలెను.