పురిటి సంచీలో ఏముండాలి? ఏముండకూడదు?

ఇంట్లో గర్భిణి ఉన్నదంటే సీమంతానికి ఏ చీర పెట్టాలో, గాజులు ఎన్ని డజన్లు తేవాలో ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించుకుంటారు. ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిన సంచీ మాట మాత్రం చాలామందికి నొప్పులు మొదలయ్యేదాకా గుర్తు రాదు. ఇది పరుల లోపమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ముప్పయ్యేళ్ళుగా గర్భిణులకు, బాలింతలకు పథ్యపానాలు చెబుతూ వచ్చిన నేనే నా కన్నకూతురి విషయంలో పొరబడ్డాను.

మా అమ్మాయి మాదాపూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగం చేస్తున్నది. కాపురం కొండాపూరులో, తొమ్మిదో అంతస్తులో. పూర్వం తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వచ్చేది. హైటెక్ సిటీ ప్రాంతపు ఉద్యోగాలలో పుట్టిల్లే మూటాముల్లె సర్దుకుని ఆడపిల్ల దగ్గరకు వెళ్ళవలసి వస్తున్నది. నేనూ అలాగే తెనాలి నుంచి శొంఠి, పిప్పళ్ళు, వాము, పాత నేతచీరలు మూటకట్టుకుని వచ్చాను. "ఇంకా నెల ఉంది కదమ్మా, వచ్చే శనివారం సర్దుకుందాంలే" అన్నది అమ్మాయి. సరేనన్నాను.

ఆ శనివారం రాకముందే, ముప్పయ్యారో వారంలో, శ్రావణమాసపు సాయంత్రం జోరున వాన కురుస్తుండగా ఉమ్మనీరు పోయింది. అల్లుడు అలమరలన్నీ వెదుకుతూ "అత్తయ్యగారూ, ఫైలు ఎక్కడ పెట్టారండీ?" అని ఒకటే అడగడం. ఆ ఫైలు అమ్మాయి ఆఫీసు సొరుగులో ఉంది. క్రితంసారి పరీక్ష చేయించుకుని, అటునుంచి అటే పనికి వెళ్ళి అక్కడే ఉంచేసిందట. చేతికందిన బట్టలు ఒక గుడ్డసంచీలో కుక్కి బయలుదేరాము. నిలిచిన నీళ్ళలో, ఆఫీసులు వదిలిన రద్దీలో కొత్తగూడ కూడలి దాటేసరికే నాకు ముచ్చెమటలు పోశాయి.

మా అమ్మాయిది ఓ నెగటివ్ రక్తం. అల్లుడిది పాజిటివ్. ఇటువంటి దంపతులలో బిడ్డ రక్తం పాజిటివ్ అయితే ఆ రక్తకణాలు తల్లి రక్తంలో కలిసినప్పుడు, వాటికి ఎదురు తిరిగే పదార్థాలు ఆమె శరీరంలో పుట్టే ప్రమాదం ఉంది. దాని కీడు ఎక్కువగా తరువాతి కాన్పు బిడ్డకు తగులుతుంది. దీనిని నివారించడానికి ఏడో నెలలో, అంటే సుమారు ఇరవై ఎనిమిదో వారంలో, యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. ప్రసవమయ్యాక బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటలలోగా మరల ఇస్తారు. ఏడో నెలలో ఇంజెక్షన్ పడిందా లేదా అన్నది వైద్యులకు తెలియాలి. ఎందుకంటే ఆ ఇంజెక్షన్ ప్రభావం వల్లనే పరీక్షలో ఆ పదార్థాలు కనిపించవచ్చు. అవి మందువా, తల్లి శరీరంలో స్వయంగా పుట్టినవా అని తేల్చుకోవడానికి కాగితమే ఆధారం. నోటిమాటగా చెబితే వారు నమ్మలేదు. నమ్మకపోవడమే సబబు. చివరకు అమ్మాయి తోటి ఉద్యోగిని ఒకామె వానలో మరల ఆఫీసుకు వెళ్ళి, సొరుగు తెరిపించి, పుట పుటకూ ఫోటో తీసి పంపింది. తెల్లవారుజామున మనవరాలు పుట్టింది. ఇద్దరూ క్షేమం.

సిగ్గుపడవలసిన సంగతి ఏమంటే, ఈ ముందుజాగ్రత్త మన శాస్త్రానికి కొత్త కాదు. చరక సంహిత శారీరస్థానం ఎనిమిదో అధ్యాయంలో, తొమ్మిదో నెల రాకముందే సూతికాగారం సిద్ధం చేయాలని ఉంది. అందులో ఉంచవలసిన సంభారాల పట్టిక చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నెయ్యి, నూనె, సైంధవలవణం, పిప్పళ్ళు, వాయువిడంగాలు, రోలు, రోకలి, సూదులు, పదునైన పనిముట్లు, మంచాలు, కట్టెలు, నిప్పు. వీటన్నిటితోపాటు పలుమార్లు ప్రసవించిన అనుభవం, గర్భిణిపై ఆప్యాయత ఉన్న స్త్రీలు దగ్గర ఉండాలన్నాడు చరకుడు. కాన్పు సమయంలో గర్భిణి కోరుకున్న మనిషి ఒకరు తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనలలోనూ ఉంది. కాబట్టి ప్రసవగదిలోకి ఎవరిని అనుమతిస్తారో ఆసుపత్రివారిని ముందే అడగండి.

నా లెక్క ఇది: ఎనిమిదో నెల నిండేలోగా, అంటే ముప్పయ్యైదో వారానికల్లా, సంచీ తలుపు పక్కన ఉండాలి. ఉద్యోగినులు దీనిని మరింత గట్టిగా పాటించాలి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు వచ్చింది. అందులో ప్రసవానికి ముందు వాడుకోదగినది 8 వారాలే. ఆ ఎనిమిది కూడా బిడ్డ కోసం దాచుకుని చివరి వారం దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే తల్లులను ఈ ప్రాంతంలో ఎందరినో చూస్తున్నాను. వారికి నొప్పులు ఇంట్లోనే వస్తాయన్న నమ్మకం లేదు.

సంచీలో అన్నిటికన్నా పైన ఉండవలసినది ఫైలు. రక్తం గ్రూపు కాగితం, స్కానింగులు, రక్త, మూత్ర పరీక్షలు, వాడుతున్న మందుల చీటీ, ఆధార్, బీమా కార్డు అందులో ఉండాలి. కంపెనీ బీమాలో కాన్పుకు ఎంతవరకు ఇస్తారో ముందే కనుక్కోవాలి. పుటలన్నీ ఫోటో తీసి భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ ఉంచండి. రద్దీలో చిక్కుకుంటే దారిలో ఏ ఆసుపత్రి దగ్గరో కూడా ముందే ఆలోచించుకోవాలి. 108 అంబులెన్సు సేవ 2005లో ఈ హైదరాబాదులోనే మొదలైంది, మొహమాటపడక పిలవండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో కళ్ళు మసకబారినా సంచీ సర్దుతూ కూర్చోవడం తగదు. అప్పుడు మనిషి కదలాలి, సంచీ తరువాత వస్తుంది.

తల్లికి ముందువైపు తెరుచుకునే నూలు నైటీలు మూడు నాలుగు, లోదుస్తులు, పెద్ద సైజు ప్యాడ్లు, జారని చెప్పులు, దువ్వెన, బ్రష్షు, ఫోను ఛార్జరు, వేడినీళ్ళ ఫ్లాస్కు, స్టీలు గ్లాసు చాలు. ఏసీ గదులలో బాలింతకు చలి వేస్తుంది. మేజోళ్ళు, తలకు కట్టుకునే నూలుగుడ్డ పెట్టండి. మన అమ్మమ్మలు తలకు గుడ్డ కట్టి చెవులలో దూది పెట్టుకొమ్మన్నది ఊరకే కాదు.

బిడ్డకు మెత్తని పాతచీర గుడ్డలు పది పన్నెండు, ముడులు వేసే జుబ్బాలు, టోపీ, మేజోళ్ళు, దుప్పటి ఉండాలి. పుట్టకముందు కొత్తబట్టలు కొనరాదన్న ఆచారం మన ఇళ్ళలో ఉంది. పాత నూలు గుడ్డ బిడ్డ చర్మానికి హాయి కనుక ఆ ఆచారంతో నాకు తగాదా లేదు. అయితే ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ఉన్న చీరలు మాత్రం వాడవద్దు. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలకు ఆ ఉండల వాసన తగిలితే రక్తకణాలు విచ్ఛిన్నమై పచ్చకామెర్లు తీవ్రమవుతాయి. ఆ లోపం ఉన్నదో లేదో పుట్టిన వెంటనే చూసి చెప్పలేము. ఎండిన వేపాకు వేసి దాచిన గుడ్డలను ఉతికి, ఎండలో ఆరవేసి తీసుకువెళ్ళండి.

సంచీ కొనే స్తోమత లేనివారి మాట కూడా చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో తల్లీబిడ్డలకు పదహారు వస్తువులు ఉండేవి. ఫిన్లాండు దేశం 1938 నుంచే పేదతల్లులకు ఇటువంటి పెట్టె ఇచ్చింది. 1949 నుంచి తల్లులందరికీ ఇస్తున్నది.

ఇక సంచీలో ఉండకూడనివి. ఇక్కడ పాఠకులలో కొందరికి నా మీద కోపం రావచ్చు. తేనె వద్దు. పుట్టిన బిడ్డకు తేనె, నెయ్యి నాకించమని చరకుడే చెప్పాడు కదా అంటారు. నిజమే, చెప్పాడు. కానీ తేనెలో ఉండగల ఒకరకం సూక్ష్మజీవి బీజాలు పసివారి ప్రేగులలో మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయనీ, కండరాలు చచ్చుబడి ఊపిరికే ముప్పు వస్తుందనీ నేటి వైద్యం కనుగొన్నది. ఏడాది నిండేవరకు తేనె పనికిరాదు. తెలియని కాలపు మాటను తెలిసిన కాలంలో పట్టుకుని వేలాడడం శాస్త్రాభిమానం కాదు. ఉగ్గుగిన్నె, ఆముదం, వసకొమ్మ, కాటుక, డబ్బాపాలు, బొడ్డుకు రాసే పసుపు కూడా ఇంట్లోనే ఉంచండి. మొదటి గంటలోనే తల్లి ముర్రుపాలు పట్టాలి. అవి కొద్దిగానే వస్తాయి, బిడ్డకు అంతే కావాలి.

కాయం సంగతి అందరూ అడుగుతారు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, బెల్లం, నెయ్యితో చేసే ఈ బాలింత మందు నాకెంతో ఇష్టమైనది. అయినా దానిని ఆసుపత్రికి తేవద్దు. సిజేరియన్ అయినవారికి, గర్భంలో మధుమేహం వచ్చినవారికి వైద్యులను అడగకుండా పెట్టడం ఉచితం కాదు. దశమూలారిష్టం వంటి అరిష్టాలలో సహజంగా పుట్టే మద్యసారం ఉంటుంది కనుక వాటికీ ఇదే నియమం. కాచిన వాము నీళ్ళ విషయంలోనూ ఒక మాట అడిగే ఇవ్వండి.

మా అంతస్తులోనే ఉన్న ఒక అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదో నెల. "పిన్నిగారూ, ఒకసారి చూసి పెట్టండి" అంటూ నిన్న సంచీ తెచ్చింది. ఫైలు పైనే ఉంది. అడుగున, వాళ్ళ అత్తగారు ఊరి నుంచి పంపిన చిన్న తేనెసీసా. దానిని తీసి పక్కన పెట్టి, వాళ్ళ అత్తగారికి నేనే ఫోను చేశాను.