ఉప్పుగాలిలో కంప్యూటరు

కంప్యూటరులోంచి ర్యామ్ ముక్కను ఊడదీసి కింది అంచు చూడండి. వరసగా బంగారు రంగు పలకలు కనిపిస్తాయి. అది ఉత్త రంగు కాదు, నిజమైన బంగారమే. రాగి మీద నికెల్ పొర, నికెల్ మీద మైక్రాను మందం కూడా లేని బంగారు పూత. మచిలీపట్నం (బందరు) పక్కన చిలకలపూడిలో తరతరాలుగా సాగుతున్న పనీ ఇలాంటిదే: రాగి మీద బంగారాన్ని పలచగా పట్టించడం. అక్కడ నగ మెరవాలని పూత వేస్తారు, ఇక్కడ కరెంటు అడ్డంకి లేకుండా పారాలని వేస్తారు. నమ్ముకున్న గుణం మాత్రం ఒకటే. రాగి గాలికి నల్లబడుతుంది, ఉప్పు తగిలితే చిలుము పడుతుంది. బంగారానికి ఆ రెండు బాధలూ లేవు.

సముద్రపు గాలి తగిలే బందరులో, కాలవల నడుమ గుడివాడలో, కృష్ణ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న దివిసీమలో ఇంటి కంప్యూటరు ఎన్నేళ్లు బతుకుతుందనేది ఈ పూతల మీద, వాటి లాంటి వందల అతుకుల మీద ఆధారపడి ఉంటుంది. ప్రాసెసరు చిప్పు దానంతట అది చచ్చిపోవడం అరుదు. ఎక్కువసార్లు చెడేది రెండు భాగాలు కలిసే చోటే. ఆ కలిసే చోట్లు ఉండబట్టే యంత్రాన్ని విప్పి బాగుచేసుకోగలుగుతున్నాం కూడా. ఇంటి కంప్యూటరు జీవితకథ ఈ అతుకుల కథే.

తొందరలో పుట్టిన మేలు

1980లో ఐబీఎం కంపెనీకి ఒక చిన్న కంప్యూటరు తొందరగా కావలసి వచ్చింది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, బోకా రాటన్ అనే ఊళ్లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలోని చిన్న బృందానికి ఆ పని అప్పగించి సుమారు ఏడాది గడువు పెట్టారు. ప్రతి భాగాన్నీ సొంతంగా తయారు చేసుకునే అలవాటున్న కంపెనీ, గడువు కోసం ఆ అలవాటు వదులుకుంది. ప్రాసెసరును ఇంటెల్ దగ్గర, నడిపించే సాఫ్ట్‌వేరును మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకుంది. ఫ్లాపీ డ్రైవులు, భారతదేశం నుంచి వెళ్లిన సిర్జంగ్ లాల్ టాండన్ కాలిఫోర్నియాలో నెలకొల్పిన కంపెనీ నుంచి వచ్చాయి.

1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. ప్రారంభ ధర 1,565 డాలర్లు. ఆ ధరకు వచ్చే మెమరీ 16 కిలోబైట్లు, ప్రాసెసరు వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఈనాటి లెక్కలో ఇవి ఏ మూలకూ రావు. చరిత్రను మార్చినవి ఈ అంకెలు కావు, లోపలి ఏర్పాటు. మదర్‌బోర్డు మీద ఐదు ఖాళీ స్లాట్లు పెట్టారు. కొన్నవాడు తనకు కావలసిన కార్డు తానే గుచ్చుకోవచ్చు. పైగా సర్క్యూటు పటాలనూ, యంత్రం వెలగగానే మొదట నడిచే బయాస్ ప్రోగ్రామునూ సాంకేతిక గ్రంథంలో అచ్చువేసి అమ్మారు. 1982లోనే కాంపాక్ కంపెనీ, ఐబీఎం రాసిన బయాస్‌ను నకలు చేయకుండా అదే పని చేసే సొంత బయాస్ రాయించి, దాంతో నడిచే యంత్రాన్ని ప్రకటించింది. ఆ తర్వాత ఎవరి భాగమైనా ఎవరి పెట్టెలోనైనా ఇమిడే కాలం వచ్చింది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం మదర్‌బోర్డు కొలతలనూ మరచీలల చోట్లనూ కరెంటు ప్లగ్గునూ ఒక పద్ధతిలో పెట్టింది. ఇప్పటికీ ఇళ్లలోని డెస్క్‌టాప్ పెట్టెల్లో చాలావాటికి మూలం అదే.

మన దేశంలో 1984 నవంబరులో వచ్చిన కంప్యూటరు విధానం దిగుమతులను సులువు చేసింది. 1997లో భారత్ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, కంప్యూటరు భాగాల మీద సుంకాలను 2005 నాటికి అంచెలంచెలుగా ఎత్తివేసింది. ఫలితంగా చిన్న పట్నాల్లో ‘అసెంబుల్డ్ సిస్టమ్’ పుట్టింది. మదర్‌బోర్డు ఒక కంపెనీది, ర్యామ్ ఇంకొకరిది, పెట్టె మూడో వాళ్లది. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి బజార్ల నుంచి భాగాలు తెచ్చి, స్క్రూడ్రైవరు పట్టుకున్న కుర్రవాడు కళ్ల ముందే యంత్రాన్ని నిలబెట్టేవాడు. డీటీపీ సెంటర్లో శుభలేఖ కూర్చినా, ఇంటర్ పిల్లవాడు ప్రోగ్రామింగు నేర్చుకున్నా ఆ యంత్రం మీదనే.

ఉప్పు ఎప్పుడు నీరవుతుంది?

తీరప్రాంతపు కంప్యూటరుకు దుమ్ము ఒక్కటే శత్రువైతే బ్రష్షుతో సరిపోయేది. ఇక్కడి దుమ్ములో ఉప్పు ఉంటుంది. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలు ఎండి, ఉప్పు రేణువులుగా గాలిలో తేలుతూ ఊళ్లోకి వస్తాయి. ఫ్యాను ఆ గాలినే లోపలికి లాగి బోర్డు మీద పరుస్తుంది.

పొడిగా ఉన్నంతసేపూ ఉప్పు వల్ల పెద్ద ప్రమాదం లేదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే మామూలు ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని తానే ద్రావణమైపోతుంది. ఉప్పునీరు కరెంటును మోస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు సన్నని రాగి దారుల మధ్య ఆ తడి నిలిచిందంటే అక్కడ కరెంటు లీకవుతుంది, రాగి తినుకుపోతుంది, ఆకుపచ్చ చిలుము పేరుకుంటుంది. వానాకాలపు రాత్రుల్లో మన తీరంలో తేమ 75 శాతం దాటడం మామూలే.

దీన్ని బట్టి తెలిసేదొకటి ఉంది. నడుస్తున్న కంప్యూటరు లోపల వేడిగా ఉంటుంది. గాలి వేడెక్కితే దాని సాపేక్ష తేమ తగ్గుతుంది, ఉప్పు పొడిగానే ఉండిపోతుంది. ఆపేసి మూల పెట్టిన యంత్రం చల్లబడి, రాత్రంతా ఆ తడిలో ఉంటుంది. కాబట్టి తీరంలో అరుగుదల కన్నా ఖాళీగా పడి ఉండటమే ఎక్కువ చేటు. పిల్లలు హాస్టలుకు వెళ్లాక గుడ్డ కప్పి వదిలేసిన సిస్టమ్, సెలవులకు వాళ్లు తిరిగొచ్చేసరికి వెలగకపోవడానికి ఇదొక కారణం. వానాకాలంలో వారానికోసారి అరగంట నడపండి. నీళ్ల కుండకు, వంటగదికి, తెరిచిన కిటికీకి దూరంగా, నేలకు జానెడు ఎత్తున పెట్టండి.

గుడివాడ వైపు ఇంకో బాధ ఉంది. రైసు మిల్లుల ఊక నుసి, నూర్పిళ్ల ధూళి, ప్రాసెసరు వేడిని లాగేసే హీట్ సింకు రేకుల మధ్య దట్టంగా కూరుకుంటాయి. గాలి ఆడదు. ప్రాసెసరు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ‘సిస్టమ్ స్లో అయింది’ అని ఫార్మాట్ కొట్టించుకునే ముందు పెట్టె తెరిచి ఫ్యాను చూడటం మంచిది. బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. ప్రాసెసరుకూ హీట్ సింకుకూ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది బియ్యపు గింజంత పెడితే చాలు.

కరెంటు వైపు నుంచి వచ్చే జబ్బులు

గోడలోంచి వచ్చే 230 వోల్టులను ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టె 12, 5, 3.3 వోల్టులుగా మారుస్తుంది. దాని లోపల మొదటి మెట్టులో వోల్టేజి 325 దాకా వెళ్తుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా, విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. ఇంట్లోవాళ్లు విప్పకూడని భాగం ఇది. చెడితే మొత్తంగా మార్చాలి.

మదర్‌బోర్డు మీద నిలువుగా, గుండ్రంగా కనిపించే కెపాసిటర్ల ఆయుష్షును వేడి నిర్ణయిస్తుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్ల లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు నిలిచేది 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలుస్తుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున అది దాదాపు పదకొండేళ్లు. బందరు మే నెల ఎండకు గది వేడెక్కి, లోపల ఫ్యాను కూడా పూడుకుపోయి 75 డిగ్రీలకు చేరితే ఆ పదకొండేళ్లు అయిదున్నర అవుతాయి. 2000 సంవత్సరం తర్వాత కొన్నేళ్లపాటు నాసిరకం ద్రావణంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతటా బోర్డులను చంపాయి. తల ఉబ్బి, గోధుమరంగు జిగురు కారి ఉంటే అవి చెడిపోయినట్టు. టంకం పని తెలిసిన మెకానిక్కు వాటిని మార్చగలడు.

యూపీఎస్‌లోని సీసపు బ్యాటరీ మన ఎండలకు రెండు మూడేళ్లలో నీరసిస్తుంది. యూపీఎస్ పనికిరాదని పారేయకుండా ముందు బ్యాటరీ మార్చి చూడండి. ఎర్తింగు సంగతి ఇంకా ముఖ్యం. దివిసీమలో ఉప్పుతేమ ఉన్న నేల కరెంటును బాగానే పీల్చుకుంటుంది, కానీ ఆ ఉప్పే పాతిన ఇనుప గొట్టాన్ని తినేస్తుంది. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్తు ఇప్పుడూ ఉందనుకోవద్దు. ఎలక్ట్రీషియను చేత కొలిపించుకోవాలి. పెట్టెను తాకితే చెయ్యి జివ్వుమంటే ఎర్తు పోయిందనే అనుమానించాలి. ఉరుములు మొదలైనప్పుడు కంప్యూటరు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్టు తీగను కూడా పీకేయాలి.

జబ్బు కనిపెట్టే క్రమం

వెలగని కంప్యూటరు దగ్గర కావలసింది ఓపిక, ఒక వరస. మొదట ప్లగ్గు, స్విచ్చి, యూపీఎస్. తర్వాత ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరుగుతోందా? తిరుగుతూ తెర నల్లగా ఉండి, బీప్ శబ్దాలు ఆగకుండా వస్తుంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలి. కరెంటు పూర్తిగా తీసి, పెట్టె ఇనుమును ఒకసారి తాకి ఒంట్లోని స్థిరవిద్యుత్తును వదిలించుకుని, ర్యామ్‌ను ఊడదీసి అంచు తుడిచి మళ్లీ గట్టిగా గుచ్చాలి. మెకానిక్కులు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. అది పనిచేస్తుంది, కానీ రుద్దిన ప్రతిసారీ ఆ పలచటి బంగారం కొంత అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డ మేలు.

అప్పటికీ రాకపోతే అదనపు భాగాలన్నీ తీసేసి మదర్‌బోర్డు, ప్రాసెసరు, ఒక్క ర్యామ్ ముక్కతో ప్రయత్నించాలి. వెలిగితే ఒక్కో భాగాన్నే తిరిగి చేర్చాలి. ఒకసారి ఒకే మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు. ప్రయోగశాలలో శాస్త్రవేత్త పాటించే నియమమూ ఇదే. టెన్తు పిల్లలకు శాస్త్రీయ పద్ధతిని చేతులతో నేర్పడానికి పాత కంప్యూటరు కన్నా చవకైన సాధనం నాకు తోచడం లేదు.

కొన్ని జబ్బులు వేరే ముఖంతో వస్తాయి. ఇంటర్నెట్టు ఉన్నా బ్యాంకు వెబ్‌సైటు తెరుచుకోక, కంప్యూటరు గడియారం ఎన్నో ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తుంటే, మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోయిందన్నమాట. దాని పేరు సీఆర్2032, మూడు వోల్టులది. తేదీ తప్పితే అది సైటు భద్రతా పత్రం గడువుతో సరిపోలదు, బ్రౌజరు ఆ పత్రాన్ని తిరస్కరిస్తుంది. కొద్ది రూపాయల బ్యాటరీతో తీరే దానికి విండోస్ మళ్లీ ఎక్కించడం దండగ.

కొత్త ఊపిరి

పాత యంత్రాన్ని మందగింపజేసేది చాలాసార్లు హార్డ్ డిస్కు. అందులోని పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అందులో సగం, తల జరగడానికి ఇంకా కొంత, మొత్తం పన్నెండు మిల్లీసెకన్లు పైచిలుకు. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి అదే పని మిల్లీసెకనులో పదోవంతులో అవుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు ఇలాంటి వెతుకులాటలు వేలల్లో జరుగుతాయి. అందుకే పదేళ్ల నాటి పెట్టెకు ఎస్‌ఎస్‌డీ పెడితే కొత్తది కొన్నట్టే ఉంటుంది. ర్యామ్ కొనేముందు మదర్‌బోర్డు ఏ తరానిదో చూసుకోవాలి. డీడీఆర్3కు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. గాడి వేరుగా ఉంటుంది, ఒకదానిలో ఒకటి దిగదు. బలవంతం చేయకూడదు.

ఇంత చేసినా డిస్కు ఏదో ఒకనాడు పోతుంది. భాగాలన్నీ బజారులో దొరుకుతాయి, పెళ్లి ఫొటోలూ పొలం కాగితాల నకళ్లూ దొరకవు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద విరుచుకుపడి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన నేల ఇది. ఇక్కడ ఒకే ఇంట్లో రెండు డిస్కుల్లో దాచినది దాచినట్టు కాదు. ఒక ప్రతి తీరానికి దూరంగా, హైదరాబాదులో పిల్లల దగ్గరో, ఇంటర్నెట్టు నిల్వలోనో ఉండి తీరాలి. ఎస్‌ఎస్‌డీని ఏళ్ల తరబడి బీరువాలో కరెంటు లేకుండా ఉంచితే అందులోని సమాచారం చెరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దాచడానికి దాన్ని నమ్ముకోవద్దు.

మూసుకుపోతున్న పెట్టెలు

ఇప్పుడు వస్తున్న పలచటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. గుచ్చే చోటు లేదు. ఉప్పుగాలికి అందే అతుకు ఒకటి తగ్గిందన్నది నిజమే. కానీ ఆ ఒక్క చిప్పు పోతే బోర్డంతా పోయినట్టే, మెమరీ పెంచుకునే దారీ లేనట్టే. సాఫ్ట్‌వేరు కూడా తలుపులు మూస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసరు లేవన్న కారణంగా బాగా నడుస్తున్న యంత్రాలు అనర్హమయ్యాయి. అలాంటివాటికి, విండోస్‌కు బదులు వాడుకోగల లినక్స్ ఉంది. దాన్ని తెలుగులో వాడుకునేలా స్వేచ్ఛ సంస్థ పనిచేసింది. చదువుకోవడానికి, ఉత్తరాలు రాసుకోవడానికి, లెక్కలకు ఆ పెట్టెలు ఇంకా ఏళ్ల తరబడి పనికొస్తాయి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. బాగుచేసుకోవడం హక్కు అని ప్రభుత్వమే ఒప్పుకోవడం మంచి మొదలు. ఆ హక్కు నిలబడాలంటే కొనేవాళ్లు కూడా అడగాలి. రేపు కంప్యూటరు కొనడానికి వెళ్లినప్పుడు ధర, తెర, వేగం అడిగినట్టే మరో మూడు ప్రశ్నలు అడగండి: వెనక మూత స్క్రూలతో తెరుచుకుంటుందా? ర్యామ్ మార్చుకోవచ్చా? డిస్కు ఊడి వస్తుందా? మూడింటికీ అవునన్న యంత్రమే మన తీరానికి తగిన యంత్రం. మన గాలి దేన్నీ కొత్తగా ఉండనివ్వదు. విప్పి, తుడిచి, చెడిన ముక్క మార్చి మళ్లీ బిగించుకోగలిగినదే ఇక్కడ పదికాలాలు ఉంటుంది.