మోటారుసైకిలుకు వెనుక గేరు

సఖినేటిపల్లి రేవులో పంటు మీది నుండి బులెట్టును ఏటవాలు గట్టుపైకి వెనుకకు లాగవలసి వస్తే, దాని బరువెంతో మా భుజాలకు తెలుస్తుంది. ఆటోకున్న వెనుక గేరు దీనికెందుకు లేదని మాలో ఒకరు ప్రశ్నించారు. ఆటో తన మూడు చక్రాల మీద నిలుస్తుంది. ఆగిన మోటారుసైకిలును నిలిపేది మనిషి కాళ్లే. పైగా ఇద్దరు పట్టుకుంటే బులెట్టు కదులుతుంది.

హోండా వారి గోల్డ్‌వింగ్ సంగతి వేరు. దాని 1988 నమూనాకు ఆరు సిలిండర్లు, 1520 సీసీల ఇంజను. బరువు సుమారు 360 కిలోలు. దానిని ఎగువకు నెట్టడం ఒక్కరి వల్ల కాదు. నిర్మాతలు చేసిన యుక్తి మమ్మల్ని ముగ్ధులను చేసింది: ఇంజనును మేల్కొలిపే స్టార్టరు మోటారుకే ఈ పనినీ అప్పగించారు! ఇంజను నడుస్తుండగా బండిని న్యూట్రలులో ఉంచి, మీట మార్చి, స్టార్టరు బొత్తాము నొక్కిపట్టాలి. అప్పుడు ఆ మోటారు వెనుక చక్రాన్ని బహు మెల్లగా వెనుకకు త్రిప్పుతుంది. బొత్తాము వదిలితే ఆగుతుంది.

అయితే మోటారు లాగుతుందే గాని బండిని నిలబెట్టదు. హ్యాండిలు తిన్నగా, రెండు పాదాలు నేలపై ఉండవలసిందే. మన రేవుల ఒండ్రుమట్టిలోనైతే చక్రంకంటే ముందు పాదమే జారుతుంది.