షుగర్ తేలకముందే బిరుసెక్కే నాళాలు

పుదుచ్చేరిలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల పేట వైతికుప్పం. మాసి మాగం పండుగ నాడు ఉత్సవ విగ్రహాలు తీర్థానికి వచ్చేది ఈ ఒడ్డుకే. అయితే పుదుచ్చేరికి ఈమధ్య వచ్చిన పేరు సంబరపడాల్సింది కాదు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్ ఉంటే, ఇక్కడ 26.3 శాతం మందికి ఉంది. గోవా మాత్రమే వెంట్రుకవాసి ముందుంది. యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోదే కాబట్టి తెలుగువాళ్లకు ఈ లెక్క పరాయిదేమీ కాదు.

షుగర్ అనగానే కళ్లు, కాళ్లు, కిడ్నీలు గుర్తొస్తాయి. ధమనులు బిరుసెక్కడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

పెనం మీద దోసె ఎర్రగా కాలేటప్పుడు చక్కెరకూ మాంసకృత్తులకూ మధ్య జరిగే చర్యను 1912లో మెయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. ఆ తరహా చర్యే ఒంట్లో పొయ్యి వేడి లేకుండా, మెల్లగా జరుగుతుంటుంది. మూడు నెలల షుగర్ పరీక్ష కొలిచేది కూడా హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరనే. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులకు పోతుంది, అంటుకున్నదీ దానితోపాటే పోతుంది. ధమని గోడలోని కొల్లాజెన్, ఎలాస్టిన్ అలా కాదు, ఏళ్ల తరబడి ఉంటాయి. చక్కెర వాటి పోగులను ఒకదానికొకటి అతికించేస్తుంది. దాంతో గోడకు సాగే గుణం తగ్గుతుంది.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ బృహద్ధమని సాగి, మళ్లీ ముడుచుకుని రక్తాన్ని ముందుకు నెట్టాలి. బిరుసెక్కితే ఆ ఒత్తిడి అల జోరందుకుంటుంది. మెడ నుంచి గజ్జ దాకా దాని వేగం సెకనుకు 10 మీటర్లు దాటితే ప్రమాద సూచనగా డాక్టర్లు లెక్కగడతారు. ఆ వేగాన్ని కొలిచే యంత్రం అన్నిచోట్లా ఉండదు. బీపీ చీటీ మాత్రం అందరి దగ్గరా ఉంటుంది. 160/70 అని ఉంటే, ‘కింది అంకె బాగానే ఉందిగా’ అని సంతోషించేవాళ్లే ఎక్కువ. పై అంకెకూ కింది అంకెకూ మధ్య అంత ఎడం ఉండటం పెద్ద వయసులో చాలావరకు బిరుసుకు గుర్తే.

షుగర్ పూర్తిగా రాకముందే ఈ బిరుసు మొదలవుతుందని నెదర్లాండ్స్‌లోని హోర్న్ అధ్యయనం 2003లో చూపింది. మన దగ్గర జరిగిన కథ ఇంకా వెనక్కి వెళ్తుంది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో, కొన్నిచోట్ల గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనంగా పోషకాహారం పెట్టారు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక చూస్తే, వాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా, ధమనుల బిరుసు కాస్త తక్కువగా ఉన్నాయి. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. కానీ వాళ్లే పెద్దవాళ్లయ్యాక కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2020లో తేల్చారు. మొదటి ఫలితాన్ని చాటినంతగా రెండోదాన్ని ఎవరూ చాటలేదనిపిస్తుంది.

ధమని గోడలో చక్కెర వేసిన అతుకులు విడగొట్టే మందు కోసం వెదికారు. అలాజెబ్రియం అనే మందు 2001లో ఆశపెట్టింది గానీ మార్కెట్ దాకా రాలేదు. ఇప్పటికి చేతిలో ఉన్నవి షుగర్, బీపీ అదుపు, రోజూ చురుకైన నడక, పొగ మానడం, ఉప్పు తగ్గించడం. తీరంలో ఎండుచేప లేని పులుసు ఊహించడం కష్టమే. వండేముందు నానబెట్టి, రెండు మూడు నీళ్లు మార్చి కడిగితే ఉప్పు కొంతైనా దిగుతుంది.