ఆ బోర్ల సంగతి ముందు ఎవరు చెప్పారు?

2018 ఎండాకాలం. తుంగభద్ర దాటితే కర్నూలుకు ఆనుకునే ఉండే జోగులాంబ గద్వాల జిల్లా పల్లెల్లో జనం ఆరుబయట పడుకోవడం మానేశారు. అంత ఉక్కపోతలోనూ మంచాలు లోపలికి లాక్కుని, పొద్దుగూకగానే తలుపులు బిగించుకునేవారు. పార్థీ దొంగల ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతోందని, మనుషుల్ని చంపి అవయవాలు తీసుకుంటోందని వాట్సాప్ నిండా వీడియోలే. ఎక్కడివో తెలియని శవాల దృశ్యాలకు తెలుగు మాటలు తగిలించి వదిలారు.

ఇలాంటి పుకారును నమ్మినవాడు దాంతోపాటే ఇంకో మాట కూడా నమ్ముతాడు: పోలీసులకు తెలిసినా చెప్పరు, పిలిచినా రారు. ఆ మే నెలలోనే హైదరాబాదులో, నిజామాబాదు జిల్లాలో జనం తామే శిక్ష వేయబోయి అమాయకుల ప్రాణాలు తీశారు. గద్వాలలో ఆ ఘోరం జరగలేదు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లను కానిస్టేబుళ్లకు అప్పగించారు. వాళ్లు ఇంటింటికీ తిరిగారు, డప్పు కొట్టించి పాటల్లో చెప్పారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరారు. జులైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. మంచిదే. కానీ దాంతో పుకారు నడక నెమ్మదిస్తుందేమో గానీ నమ్మకం మారదు. పుకారు పంపేది మేనమామ కొడుకో, పక్క చేను రైతో. ఖండన మాత్రం రెండు రోజులు ఆలస్యంగా, ‘సదరు వదంతులు’ అంటూ ఎవరిదో తెలియని గొంతుతో వస్తుంది. ముఖం తెలిసిన కానిస్టేబుల్ చెబితే ఆ లెక్క తిరగబడుతుంది.

అయితే తప్పంతా ఫోనుదేనా? 2024 చివర్లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్లలో జరిగింది చూడండి. అక్కడి అడవిలో యురేనియం జాడ కోసం 68 బోర్లు వేసే ప్రతిపాదన నిజంగానే ఉంది. అవి పరీక్షకే, గని తవ్వడానికి కాదు. కానీ చుట్టుపక్కల పల్లెలకు అది ‘గని వస్తోంది, ఊళ్లు పోతాయి’ అన్న భయంగా చేరింది. జనం రోడ్డెక్కారు. కలెక్టర్ నచ్చజెప్పాల్సి వచ్చింది. చివరికి ముఖ్యమంత్రే తవ్వకాలు ఉండవని ప్రకటించారు. ఒకప్పుడు ఫ్యాక్షన్‌తో పేరుమోసిన ఈ ఊరినే కర్నూలు ఎస్పీగా ఉండగా ఆకె రవికృష్ణ దత్తత తీసుకున్నారు. అధికారి దగ్గరికొస్తే ఎలా ఉంటుందో ఆ ఊరికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆ భయాన్ని పుకారని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె కప్పట్రాళ్లవాళ్లకు తెలియని ఊరేం కాదు. యురేనియం శుద్ధి వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు చెడ్డాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. చెరువు అడుగున వేయాల్సిన పొర గురించి 2018లో కాలుష్య నియంత్రణ మండలే అక్కడ యురేనియం తవ్వే యూసీఐఎల్ సంస్థకు నోటీసిచ్చింది. కరువు సీమలో బోరు నీళ్లు చెడ్డాయంటే ఇక మిగిలేదేముంది? అలాంటి చోట సగం నిజానికి మిగతా సగం అబద్ధం తగిలించడం చిటికెలో పని.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాయి. పథకాల అర్హుల జాబితా అక్కడ గోడకు అంటిస్తారు, జనం వేలు పెట్టి తమ పేరు వెతుక్కుంటారు. బోర్లు ఎక్కడ వేస్తారు, ఎంత లోతు, ఎందుకు, ఇష్టం లేకపోతే ఎవరికి చెప్పుకోవాలి అన్న కాగితం కూడా తెలుగులో అదే గోడమీద, యంత్రం అడవి దారి పట్టకముందే కనబడాలి.